డీఅడిక్షన్ సెంటర్: లోపలికెళ్ళే వారం, బయటికొచ్చే వారం

సెంటర్లో చేర్పిద్దామని ఇంట్లో తేల్చుకున్నాక ఫోన్ చేసి మొదట అడిగేది "ఎన్ని రోజులు ఉంచుతారు?" అని. 28 రోజులన్న మాట ఎక్కడో విని ఉంటారు. అది ఏ పరీక్షలోనూ తేలిన అంకె కాదు. 1950ల్లో అమెరికాలో మిన్నెసోటా పద్ధతి అని పేరుపడ్డ కార్యక్రమం నెల రోజుల చుట్టూ అల్లుకుంది, తర్వాత వచ్చినవాళ్ళు అదే పట్టుకున్నారు.

నన్నడిగితే మొదటి ప్రశ్న "రాత్రి రెండింటికి వార్డులో ఎవరుంటారు?" అన్నది. రెండోది "డిశ్చార్జ్ అయ్యాక వారంలోపు ఎవరు చూస్తారు?" అన్నది. ఈ జబ్బు చికిత్సలో ప్రాణం మీదికొచ్చేది ఎక్కువగా ఈ రెండు చోట్లే: మానేసిన మొదటి వారంలో, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో. కరపత్రాల్లో మాత్రం ఎప్పుడూ మధ్య భాగమే కనిపిస్తుంది. తోట, గుండ్రంగా వేసిన కుర్చీలు, నవ్వు మొహాలు.

అసలు లోపలే ఉండి చేయించుకోవడం అందరికీ అవసరం లేదు. చేతులు కొద్దిగా వణకడం, నిద్ర పట్టకపోవడం తప్ప పెద్ద ఇబ్బంది లేని మనిషి, ఇంట్లో తోడుంటే, రోజూ డాక్టరు దగ్గరికెళ్ళి వస్తూ మానేయవచ్చు. లోపల ఉండి తీరాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. గతంలో మానేసినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళు, మతి భ్రమించినవాళ్ళు; మద్యంతో పాటు నిద్రమాత్రలో నల్లమందు జాతి మందులో (హెరాయిన్, మార్ఫిన్ లాంటివి) కలిపి వాడేవాళ్ళు; గర్భిణులు; ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళు; ఇంట్లోనే తాగేవాళ్ళున్నవాళ్ళు; బయట ఉండి రెండు మూడుసార్లు ప్రయత్నించి నిలబడలేకపోయినవాళ్ళు. గత విత్‌డ్రాయల్, అంటే మత్తు మానేసినప్పుడు ఒంట్లో పుట్టే బాధ, ఎలా గడిచిందన్నది అన్నిటికన్నా పెద్ద సూచన. మద్యం విత్‌డ్రాయల్ ఒక్కోసారికీ ముదురుతుంది. పోయినసారి వణుకుతో పోయింది కదా అని ఈసారీ అంతేనని అనుకోకూడదు.

చేరే రోజు చెప్పాల్సిన వాటిలో అతి ముఖ్యమైనది చివరిసారి ఏ టైముకి, ఏది, ఎంత తీసుకున్నారన్నది. లోపల ఇచ్చే ప్రతి మాత్రకీ ఆ గంటే లెక్క. ఇక్కడ రెండు రకాల అబద్ధాలు నడుస్తాయి. ఇంట్లోవాళ్ళ ముందు అడిగితే సగానికి తగ్గించి చెబుతారు. మాత్రలు ఎక్కువ ఇస్తారని ఆశపడేవాళ్ళు పెంచి చెబుతారు. అందుకే మంచి చోట మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఒకసారి, ఇంట్లోవాళ్ళని విడిగా ఒకసారి అడుగుతారు. బీపీ, షుగరు, నిద్ర, నొప్పులు, దేనికి ఏ మాత్ర వాడుతున్నా స్ట్రిప్పులతో సహా తీసుకెళ్ళండి. సంచి వెతికితే చిన్నబుచ్చుకోవద్దు. పుక్కిలించే మందు, అత్తరు సీసా, చేతులకి రాసుకునే శానిటైజర్ బయట పెట్టించేది మర్యాద తెలియక కాదు, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది కనుక.

రక్తంలో లివర్, కిడ్నీ, షుగర్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం చూస్తారు. సూదులు వాడినవాళ్ళకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ కూడా. మూత్ర పరీక్ష మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. మార్ఫిన్ జాతిని పట్టే మామూలు స్ట్రిప్పు, అదే జాతిలో కృత్రిమంగా తయారుచేసే ఫెంటానిల్‌ని పట్టదు, దానికి వేరే స్ట్రిప్పు కావాలి. రిపోర్టులో నెగటివ్ అని ఉంది, కానీ మనిషి కళ్ళపాప సూదిమొనంత ఉంది అంటే కళ్ళనే నమ్మాలి.

ఇక మద్యం సంగతి. చివరి గుక్క పడ్డాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమట, వికారం, గుండెదడ మొదలవుతాయి. రోజూ విపరీతంగా తాగే మనిషికి రక్తంలో ఇంకా ఆల్కహాల్ ఉండగానే కూడా మొదలవ్వచ్చు. నోరు వాసనొస్తోంది కాబట్టి విత్‌డ్రాయల్ కాదనుకోవడం పొరపాటు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య. లేనివి కనిపించడం, వినిపించడం మొదటి రోజూ రెండో రోజూ. డెలీరియం ట్రెమెన్స్ అనే తీవ్ర స్థితి సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది: జ్వరం, బీపీ పెరగడం, ఎక్కడున్నారో తెలియకపోవడం, మంచం దిగి పారిపోవడం. కాబట్టి రెండో రోజు సాయంత్రం "బాగానే ఉన్నాడు, ఇంటికి పంపేయండి" అని అడగడానికి అంతకన్నా చెడ్డ టైము ఉండదు.

తీవ్రతని కొలవడానికి సీవా అనే పట్టిక వాడతారు. పది ప్రశ్నలు, గరిష్ఠంగా 67 మార్కులు. అది ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. నర్సు మంచం పక్కన కూర్చుని "చేతులు ముందుకు చాపండి, వేళ్ళు విడదీయండి" అంటుంది. పైకి వణుకు కనిపించకపోతే తన వేలి కొనలు ఎదుటి మనిషి వేలి కొనలకి ఆనించి చూస్తుంది. అలా ఆనిస్తేనే తెలిసే వణుక్కి 1. చేతులు చాపినప్పుడు బాగా కనిపించే వణుక్కి 4. చాపకపోయినా ఊగిపోతుంటే 7. అరచేతులు తడిమి, నుదురు చూసి చెమటకి మార్కు వేస్తుంది. "ఒంటి మీద ఏదైనా పాకుతున్నట్టుందా? లైటు మరీ గుచ్చుకుంటోందా?" అని అడుగుతుంది. చివర "ఇవాళ ఏ తేదీ, మనం ఎక్కడున్నాం" అని అడుగుతుంది. మొత్తం అయిదు నిమిషాల లోపు పని. 8 లోపు వస్తే గమనిస్తూ ఉంటే చాలు, పైకి పోతే మాత్ర, మళ్ళీ గంటకో రెండు గంటలకో కొలత. మార్కు 15 దాటిందంటే ఆ మనిషిని వదిలి పక్క గదికి కూడా పోకూడదు.

తప్పులు జరిగేది ఇక్కడే. రాత్రి నిద్రపోతున్నాడని లేపకుండా పాత మార్కే మళ్ళీ రాసేస్తారు. బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్ర గుండెదడని కప్పేస్తే విత్‌డ్రాయల్ తేలిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. న్యుమోనియా జ్వరంతో ఒళ్ళు చెమటలు పడుతుంటే దాన్నీ మద్యం లెక్కలోనే వేసేస్తారు. చేరేముందు కిందపడి తలకి దెబ్బ తగిలిన మనిషి మత్తుగా ఉంటే మాత్ర ఎక్కువైందనుకుంటారు, లోపల రక్తం గడ్డకడుతుంటుంది. మాట్లాడలేని స్థితిలో ఉన్న మనిషికి ఈ పట్టిక పనికిరాదు, ఎందుకంటే సగం ప్రశ్నలకి జవాబు అతని నోట్లోంచే రావాలి.

మద్యం విత్‌డ్రాయల్‌కి ఇచ్చే మాత్రల్లో ప్రధానమైనవి బెంజోడయాజెపైన్లు, అంటే నిద్రకీ ఆందోళనకీ వాడే జాతి: డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్. మార్కుని బట్టి కాక ముందే నిర్ణయించిన మోతాదుల పద్ధతిలో అయితే క్లోర్‌డయాజెపాక్సైడ్ 25 నుంచి 50 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు మొదలుపెట్టి అయిదు నుంచి ఏడు రోజుల్లో మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళకీ వయసు మీరినవాళ్ళకీ లోరాజెపామ్ మేలు, ఒంట్లో పేరుకోదు. ఈ అంకెలు ఇంట్లో వేసుకోవడానికి కాదు, రాసిన చీటీ చూసి ప్రశ్న అడగడానికి. రెండు చోట్ల ప్రశ్న తప్పకుండా అడగాలి. మనిషి అరుస్తున్నాడని మతి భ్రమకి వాడే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి పడుకోబెడితే ఫిట్స్‌కి దారి ఇంకా సులువవుతుంది. బెంజోడయాజెపైన్ తోడు లేకుండా అది ఇవ్వకూడదు. ఫిట్స్ రాకుండా అని ఫెనిటాయిన్ రాస్తే, మద్యం విత్‌డ్రాయల్ ఫిట్స్‌ని అది ఆపదు.

థయామిన్, అంటే విటమిన్ బీ1, చూడటానికి చిన్న విషయం. కానీ తాగుడుతో తిండి మానేసిన మనిషిలో అది అడుగంటి ఉంటుంది. అలాంటి మనిషికి నీరసమని థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడుని దెబ్బతీసే వెర్నికీ జబ్బు ముదరవచ్చు: గందరగోళం, కనుగుడ్లు కుదురుగా ఉండకపోవడం, నడక తూలడం. మూడూ కలిసి కనిపించేది తక్కువ మందిలోనే, ఏ ఒక్కటి ఉన్నా అనుమానించాలి. ముందుజాగ్రత్తకి 100 మిల్లీగ్రాములు ఇంజెక్షన్‌గా ఇస్తే, అనుమానం ఉన్నప్పుడు 200 నుంచి 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు రక్తనాళంలోకి ఇస్తారు. మాత్రగా మింగిస్తే తాగుడుతో దెబ్బతిన్న పేగులు సరిగా పీల్చుకోవు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగిరాకుండా పోతుంది. తాగినట్టు తూలుతున్నాడని నవ్వేసి వదిలేసిన కేసులు ఇవే.

హెరాయిన్, మార్ఫిన్ జాతి మందుల దారి వేరు. విత్‌డ్రాయల్ 8 నుంచి 12 గంటల్లో మొదలై రెండు మూడో రోజుల్లో శిఖరానికి చేరి అయిదు నుంచి పది రోజుల్లో తగ్గుతుంది. ఒళ్ళునొప్పులు, ముక్కు కారడం, ఆవలింతలు, విరేచనాలు, కాళ్ళు కుదురుగా పెట్టలేకపోవడం. అదే జాతిలో ఎక్కువసేపు పనిచేసే మెథడోన్ అయితే మొదలవడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది, తగ్గడానికి రెండు వారాలు దాటుతుంది. నరకంలా ఉంటుంది గానీ, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోకుండా చూసుకుంటే మద్యం విత్‌డ్రాయల్ అంత ప్రాణాంతకం కాదు. గర్భిణి విషయంలో మాత్రం ఒక్కసారిగా ఆపనే కూడదు, హెరాయిన్ లాంటివాటి బదులు చికిత్సగా ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ మీద ఉంచుతారు.

బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టే టైమే ఇక్కడ కీలకం. మెదడులోని గ్రాహకాలకి అది మిగతా మందులకన్నా గట్టిగా అతుక్కుంటుంది, కానీ సగం మాత్రమే పని చేస్తుంది. హెరాయిన్ ఇంకా కూర్చుని ఉండగా ఇది వస్తే దాన్ని లేపేసి తను కూర్చుంటుంది; మనిషి అరగంటలో భయంకరమైన విత్‌డ్రాయల్‌లోకి జారిపోతాడు. తర్వాత జన్మలో ఆ మాత్ర ముట్టనంటాడు, అది ఇంకా పెద్ద నష్టం. అందుకే నల్లమందు జాతి విత్‌డ్రాయల్‌ని కొలిచే కౌస్ అనే పట్టికలో 8 నుంచి 12 మార్కులు దాటేదాకా ఆగి, 2 నుంచి 4 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. రోజూ ఫెంటానిల్ వాడినవాళ్ళ విషయంలో గంటల లెక్క సరిపోదు, అది కొవ్వులో దాక్కుని మెల్లగా బయటికొస్తుంది. ఇంకా ఆగాలి, లేదా మరీ చిన్న మోతాదుల పద్ధతిలో ఎక్కించాలి.

మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, మింగితే చాలావరకు వృథా. నోరు ఎండి ఉంటే ముందు కాసిని నీళ్ళు పుక్కిలించమంటారు. కరగడానికి అయిదు నుంచి పది నిమిషాలు. ఆ సేపు మాట, నీళ్ళు, సిగరెట్ ఉండకూడదు. తర్వాత నర్సు నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, బుగ్గల లోపల టార్చి వేసి చూస్తుంది. కరిగాక నీళ్ళతో పుక్కిలించి మింగాలి, పళ్ళు తోమడానికి మాత్రం గంట ఆగాలి. దీర్ఘకాలంలో పళ్ళు పుచ్చిపోతున్నాయన్న ఫిర్యాదుల మీద 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరికలో ఈ జాగ్రత్తలున్నాయి.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారా?" అన్నది ఇంట్లోవాళ్ళు అడిగే మాట. కొన్ని సెంటర్ల నిర్వాహకులే ఆ మాట అంటారు, "మా దగ్గర ఏ మందూ లేకుండా శుద్ధి చేస్తాం" అని గర్వంగా చెబుతారు. నల్లమందు జాతి వ్యసనంలో నాకు ఇదొక్కటి చాలు, ఆ చోట చేర్చవద్దనడానికి. బ్యుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ మీద కొనసాగేవాళ్ళలో మరణాలు బాగా తగ్గుతాయని ఏళ్ళ తరబడి అధ్యయనాలు చూపుతున్నాయి. ఏ మందూ లేకుండా నెలరోజుల్లో ఒళ్ళు కడిగి పంపితే ఏమవుతుందో కింద చెబుతాను.

నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళని నెలలో మాన్పించడం సాధ్యమయ్యే పని కాదు. డయాజెపామ్‌కి మార్చి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తూ పోవాలి. సెంటర్లో మొదలుపెట్టి బయట ముగించే పని ఇది. ఒక్కసారిగా ఆపితే మద్యంలాగే ఫిట్స్ వస్తాయి. కొకైన్, మెథాంఫెటమైన్ ఆపినవాళ్ళు మొదటి రోజుల్లో పడుకుంటారు, తింటారు, మళ్ళీ పడుకుంటారు. ప్రశాంతంగా ఉన్నారని ఊరుకోవద్దు, ఆత్మహత్య ఆలోచన వచ్చేది ఆ రోజుల్లోనే. గంజాయికి మొదటి వారం చిరాకు, ఆకలి లేకపోవడం, రెండో వారానికి తేలిక. నిద్ర, కలలు కుదురుకోవడానికి ఇంకా పడుతుంది.

వారం దాటాక మధ్య భాగం. ఉదయం మాత్రల కిటికీ, బీపీ, పదిమంది దాకా కూర్చునే గ్రూపు, వారానికి ఒకటి రెండుసార్లు విడిగా కౌన్సెలింగ్, సాయంత్రం ఖాళీ. ఖాళీలోనే గోల. నిద్ర సరిగా పట్టదు, సిగరెట్ కోసం గొడవ, పక్క మంచం వాడి గురక. మధ్యలోనే సంచి సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళలో చాలామంది మొదటి రోజుల్లోనే వెళ్ళిపోతారు. దానికి కారణం పట్టుదల లేకపోవడం కన్నా మాత్రల మోతాదు చాలకపోవడం, నిద్ర లేకపోవడం. "మనసు గట్టి చేసుకో" అనే ముందు చార్టు చూడండి. రెండో వారంలో దీనికి తలకిందులు: ఒళ్ళు తేలికై, ఇక జన్మలో ముట్టనన్న ఉత్సాహం పొంగుతుంది, నేను బాగైపోయాను పంపేయండి అంటారు. ఇదీ విత్‌డ్రాయల్‌లో భాగమే అనుకుని తేదీ మార్చకుండా ఉంటే మంచిది.

కౌన్సెలింగ్ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు. "తాగుడు చెడ్డది" అని చెబుతుంటే అది ఉపన్యాసం. "శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు గేటు దాటాక కుడికి తిరుగుతావా, ఎడమకా? ఫలానా స్నేహితుడు ఫోన్ చేస్తే మొదటి వాక్యం ఏమంటావు? ఇప్పుడు అను" అని నోటితో పలికిస్తుంటే అది పని. కొకైన్, మెథాంఫెటమైన్ లాంటి ఉత్తేజకాల వ్యసనానికి ఆమోదం పొందిన మందుల్లేవు. మూత్రం శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమానం ఇచ్చి, వరుసగా వస్తే పెంచే పద్ధతికి ఆధారాలు బలంగా ఉన్నాయి. చిన్నపిల్లల ఆటలా ఉందని చాలాచోట్ల పెట్టరు. ఇక కొట్టడం, కట్టేయడం, గుండు గీయడం, ఇంటి ఫోను పూర్తిగా తెగ్గొట్టడం, చూడ్డానికి వస్తే గది చూపించకపోవడం. వీటికి వైద్యంలో ఏ పేరూ లేదు. క్రమశిక్షణ అంటే తలూపకండి, అదే రోజు మనిషిని తీసుకొచ్చేయండి. విత్‌డ్రాయల్ సాగుతుంటే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి.

మళ్ళీ మద్యం ముట్టకుండా నిలబెట్టే మందులు లోపల ఉండగానే మొదలవ్వాలి. నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి, తాగితే వచ్చే మజాని తగ్గిస్తుంది. నల్లమందు జాతి మందు వాడినవాళ్ళకైతే చివరి మోతాదు తర్వాత ఏడు నుంచి పది రోజులు, మెథడోన్ అయితే రెండు వారాల దాకా ఆగాకే. అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకి మూడుసార్లు. లివర్ పాడైనవాళ్ళకి అనుకూలం, కిడ్నీలు పాడైతే మోతాదు తగ్గించాలి లేదా మానాలి. రోజుకి ఆరు మాత్రలు కాబట్టి మధ్యాహ్నంవి ఎగ్గొట్టడం మామూలు. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే ఒళ్ళు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది; ఆ మాత్ర మానేసిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ముందు వేసుకునేవాళ్ళకే అది పనికొస్తుంది. కాఫీలోనో పాలలోనో కలిపి తెలియకుండా ఇవ్వడం అంటే గుండె జబ్బున్న మనిషి ప్రాణంతో ఆడుకోవడం. ఇళ్ళల్లో చేసేది ఎక్కువగా అదే.

డిశ్చార్జ్. నెల రోజులు హెరాయిన్ ముట్టని ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. మనసుకి మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణాలు పెరగడానికి కారణం ఇదే. 'ఏ మందూ లేకుండా శుద్ధి' చేసి పంపినవాళ్ళకి ఈ ప్రమాదం అందరికన్నా ఎక్కువ. కాబట్టి చేతికి కాగితం మాత్రమే ఇచ్చి పంపితే ఒప్పుకోకండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా సరిపడే మాత్రలు, ఆ అపాయింట్‌మెంట్ తేదీ ఏడు రోజుల లోపు, వారానికి కనీసం తొమ్మిది గంటలుండే బయటి కార్యక్రమంలో చోటు, నల్లమందు జాతి వాడినవాళ్ళ ఇంట్లో ఓవర్‌డోస్‌ని తిప్పికొట్టే నాలోక్సోన్ స్ప్రే, అన్నీ చూసుకుని సంతకం పెట్టండి.

నాలోక్సోన్ వాడటం ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. పెదాలు నీలంగా, ఊపిరి గురకలా, పిలిస్తే పలకకపోతే ముందు అంబులెన్స్‌కి ఫోన్. వెల్లకిలా పడుకోబెట్టి ఒక ముక్కులో ఒక స్ప్రే పూర్తిగా నొక్కాలి, పరీక్షించడానికని గాల్లో నొక్కితే ఆ డోసు పోయినట్టే. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి. రెండు మూడు నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది, ఇంకో ముక్కులో. లేచి కూర్చున్నాక తిడతాడు, వెళ్ళిపోతానంటాడు. పంపకూడదు, ఎందుకంటే నాలోక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలే, ఒంట్లో ఉన్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండి మళ్ళీ ఊపిరి ఆగవచ్చు.

మళ్ళీ తాగిన రోజు ఏం చేయాలో డిశ్చార్జ్‌కి ముందే కాగితం మీద రాయించుకోండి. వ్యసనం మళ్ళీ మొదలయ్యేవాళ్ళు 40 నుంచి 60 శాతం దాకా ఉంటారని అంచనా, బీపీ, ఆస్తమా మందుల్లో క్రమం తప్పేవాళ్ళకి దగ్గర్లోనే. కాబట్టి ఆ కాగితంలో ఎవరికి ఫోన్ చేయాలి, ఏ మాత్ర ఆపకూడదు (బ్యుప్రెనార్ఫిన్‌ని కోపంతో పారేసేవాళ్ళున్నారు), ఎన్ని రోజులు వరుసగా తాగితే సొంతంగా ఆపకుండా ఆసుపత్రికి రావాలి అన్న మూడూ ఉండాలి. సెంటర్‌వాళ్ళు "అలాంటి ఆలోచనే పెట్టుకోవద్దు" అని ఆ కాగితం ఇవ్వకపోతే, మీరే తెల్ల కాగితం తీసి కౌన్సెలర్ ఎదుట కూర్చోండి, పెన్ను ఆయన చేతికివ్వండి.